ఐకాన్ ఉంది, నొక్కితే ప్రోగ్రామ్ రాదు: విండోస్ షార్ట్‌కట్ల రిపేరు

డెస్క్‌టాప్ మీది ఐకాన్ పనిచేయడం మానేస్తే చాలామంది మొదట చేసే పని, ఆ ప్రోగ్రామ్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. ఒక్కోసారి దాంతో కుదురుతుంది కూడా, ఎందుకంటే ఇన్‌స్టాలర్ పోతూ పోతూ కొత్త షార్ట్‌కట్ ఒకటి పెట్టి పోతుంది. కానీ చెడింది రెండు కేబీల ఫైలైతే రెండు జీబీల సాఫ్ట్‌వేర్‌ను పీకి మళ్లీ పాతడం దేనికి? విండోస్ 10, 11 వాడేవాళ్లు ఒక్క నిమిషంలో తప్పు ఎక్కడుందో పట్టుకోవచ్చు. ఈ పోస్టు దాని గురించే. ఒక మాట ముందే: కమాండ్లు, ఫోల్డర్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.

విండోస్ 95 నుంచీ షార్ట్‌కట్ అంటే డాట్ ఎల్ఎన్‌కే అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న చిన్న ఫైలు. ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు చూపించమని టిక్ పెట్టినా దీనిది మాత్రం కనిపించదు; ఎప్పుడూ చూపించొద్దని, విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలోనే రాసి ఉంటుంది. ప్రోగ్రామ్ అందులో ఉండదు. అది ఇంటి అడ్రసు రాసిన చీటీ లాంటిది. ప్రోగ్రామ్ ఎక్కడుంది, ఏ ఫోల్డర్‌లో నిలబడి మొదలవ్వాలి, దానికి ఏ ఆదేశాలివ్వాలి, ఏ ఐకాన్ చూపించాలి, హాట్‌కీ (దాన్ని తెరిచే మీటల కలయిక) ఏమిటి, ఇవన్నీ చీటీలో ఉంటాయి. కాబట్టి తప్పు మూడు చోట్ల ఉండొచ్చు: చీటీలో, ఆ అడ్రసులో ఉండాల్సిన ప్రోగ్రామ్‌లో, లేదా చీటీ చదవాల్సిన విండోస్‌లో.

ఈ మూడింటిలో ఏదో తేల్చడానికి ఆల్ట్ పట్టుకుని ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేయండి. ప్రాపర్టీస్ తెరుచుకుంటుంది. షార్ట్‌కట్ ట్యాబ్‌లో ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి. ఫోల్డర్ తెరుచుకుని అందులో ఈఎక్స్ఈ ఫైలు (అసలు ప్రోగ్రామ్) సెలెక్టయి కనిపిస్తే దాన్నే నేరుగా డబుల్ క్లిక్ చేయండి. నేరుగా నడిచి, షార్ట్‌కట్ నుంచి నడవకపోతే తప్పు చీటీది. నేరుగా కూడా నడవకపోతే షార్ట్‌కట్‌ను ఎంత సవరించినా లాభం లేదు, ప్రోగ్రామ్‌నే చూసుకోవాలి. ఫోల్డరే తెరుచుకోకపోతే ప్రోగ్రామ్ జరిగిపోయిందో, పోయిందో. మెషీన్‌లో ఏ ఐకాన్ నొక్కినా ఒకే రకంగా తేడాగా ప్రవర్తిస్తుంటే తప్పు విండోస్‌ది.

ఫోల్డర్ ఉండి ఈఎక్స్ఈ మాత్రం మాయమైతే మొదట అనుమానించాల్సింది యాంటీవైరస్‌ను. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ కింద ప్రొటెక్షన్ హిస్టరీ చూస్తే క్వారంటైన్ చేసిన ఫైలు పేరు కనిపిస్తుంది. అధికారిక సైటు నుంచి దించిన ప్రోగ్రామ్ అయితేనే రిస్టోర్ చేయండి. క్రాక్ చేసిన కాపీ అయితే యాంటీవైరస్ చెప్పిన మాటే వినండి.

టార్గెట్ గడిలో కోట్స్

ప్రాపర్టీస్‌లో ప్రోగ్రామ్ అడ్రసు ఉండే టార్గెట్ గడిలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం డబుల్ కోట్స్‌వే. పాత్‌లో, అంటే ఆ అడ్రసులో, ఎక్కడైనా ఖాళీ ఉంటే (ప్రోగ్రామ్ ఫైల్స్ అన్న పేరులోనే ఉంది) పాత్ మొత్తానికి కోట్స్ ఉండాలి. ప్రోగ్రామ్‌కు ఇచ్చే ఆదేశాలు మాత్రం ఆ కోట్స్ బయట, మధ్యలో ఒక ఖాళీ వదిలి రాయాలి. క్రోమ్‌లో ఆఫీసు ప్రొఫైల్‌కు ఒక ఐకాన్, ఇంటి ప్రొఫైల్‌కు ఒక ఐకాన్ పెట్టుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. సరైన రూపం ఇది:

"సి:\ప్రోగ్రామ్ ఫైల్స్\గూగుల్\క్రోమ్\అప్లికేషన్\క్రోమ్.ఈఎక్స్ఈ" --ప్రొఫైల్-డైరెక్టరీ="ప్రొఫైల్ 1"

మొదటి జత కోట్స్ ఈఎక్స్ఈ దగ్గర మూసుకుంది. తర్వాత ఒక ఖాళీ. ఆపైన రెండు గీతలు. ‘ప్రొఫైల్ 1’ పేరులో ఖాళీ ఉంది గనుక దానికి విడిగా ఇంకో జత. ఇదంతా ఒకే జత కోట్స్‌లో పెడితే, టార్గెట్ బాక్సులో ఇచ్చిన పేరు చెల్లదని విండోస్ మెసేజ్ ఇస్తుంది. వాట్సాప్‌లోనో వర్డ్ ఫైల్లోనో వచ్చిన లైను కాపీ కొట్టి అతికిస్తే ఇంకో చిక్కు: అక్కడి కోట్స్ వంకర కోట్స్‌గా, రెండు గీతలు ఒక పొడుగు గీతగా మారిపోయి ఉంటాయి. చూపుకు తేడా తెలియదు, విండోస్‌కు తెలుస్తుంది. కోట్స్, గీతలు చెరిపేసి కీబోర్డు మీద మళ్లీ కొట్టండి.

పాత మెషీన్ నుంచి కొత్తదానికి షార్ట్‌కట్ కాపీ చేస్తే చూడాల్సింది ప్రోగ్రామ్ ఫైల్స్‌కూ, పక్కనే ఎక్స్86 అని తోక ఉన్న ప్రోగ్రామ్ ఫైల్స్‌కూ ఉన్న తేడా. 32 బిట్ ప్రోగ్రామ్‌లు రెండోదాంట్లోకి పోతాయి. అదే సాఫ్ట్‌వేర్ 64 బిట్ వెర్షన్‌కు మారితే ఫోల్డర్ మారుతుంది, పాత చీటీ చెల్లదు.

టార్గెట్ కిందే ‘స్టార్ట్ ఇన్’ అనే గడి ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. పాత అకౌంట్ల సాఫ్ట్‌వేర్లు, ఫాక్స్‌ప్రోలో రాసిన బిల్లింగ్ ప్రోగ్రామ్‌లు తమ డేటా ఫైలును ‘నేను నిలబడిన ఫోల్డర్‌లో వెతుకు’ అనే పద్ధతిలో చదువుతాయి. ఈ గడి ఖాళీగానో తప్పుగానో ఉంటే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, కానీ కంపెనీ వివరాలు లేవంటుంది, లేదా ఒక ఫైలు దొరకలేదని చెప్పి మూసుకుపోతుంది. ఈఎక్స్ఈ ఉన్న ఫోల్డర్ పాత్‌ను ఈ గడిలో పెడితే సాధారణంగా సర్దుకుంటుంది. ఈఎక్స్ఈని నేరుగా నొక్కితే నడిచి, షార్ట్‌కట్‌తో మొరాయించే కేసుల్లో ముందు చూడాల్సింది ఇదే.

నల్ల తెర ఒకటి మెరిసి మాయమైపోతుంటే అది బ్యాచ్ ఫైలో (కమాండ్లు వరుసగా రాసిన ఫైలు), కమాండ్‌లైన్ ప్రోగ్రామో. ఎర్రర్ చదివే లోపే కిటికీ మూసుకుపోతుంది. టార్గెట్ మొదట్లో ‘సీఎండీ /కే’ అని చేర్చి ఒక ఖాళీ వదలండి, కిటికీ మూసుకోకుండా నిలుస్తుంది, ఎర్రర్ తీరిగ్గా చదువుకోవచ్చు. బ్యాచ్ ఫైలును అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే అది తన ఫోల్డర్‌లో కాకుండా సిస్టమ్32లో మొదలవుతుంది. స్టార్ట్ ఇన్ రాసినా లెక్కచేయదు. అందుకు మందు బ్యాచ్ ఫైలు మొదటి లైన్‌లోనే వేయాలి: సీడీ /డి "%~డీపీ0". ఇందులో చివరిది సున్నా, ‘ఓ’ అక్షరం కాదు.

ప్రోగ్రామ్ చోటు మారితే

టార్గెట్ కనబడకపోతే విండోస్ వెంటనే చేతులెత్తేయదు. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫార్మాట్) డ్రైవ్ మీద ఉన్న ఫైలుకు ఒక గుర్తింపు ఇచ్చి, దాన్ని షార్ట్‌కట్‌లో కూడా రాసుకుంటుంది. ఫైలు పేరు మార్చినా వేరే ఫోల్డర్‌కు జరిపినా ఆ గుర్తుతో వెతికి పట్టుకుని, షార్ట్‌కట్‌లో కొత్త అడ్రసు తనే రాసేస్తుంది. ఎక్కువసార్లు మేలే. కానీ దీనిలో ఒక ఉచ్చు ఉంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసేముందు జాగ్రత్త కోసం పాత ఫోల్డర్‌కు ‘ఓల్డ్’ అని తోక తగిలిస్తారు. కొత్తది కాపీ అయ్యేలోపు ఎవరో ఐకాన్ నొక్కుతారు. విండోస్ ‘ఓల్డ్’ ఫోల్డర్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ను కనిపెట్టి అడ్రసు మార్చేసుకుంటుంది. ఇక ఆ రోజు నుంచి కొత్త వెర్షన్ వేసి ఉన్నా ఐకాన్ నొక్కితే పాతదే తెరుచుకుంటుంది, ఎంట్రీలన్నీ పాత డేటాలోకి పోతుంటాయి. అప్‌డేట్ చేశాక కూడా పాత వెర్షన్ నంబరే కనిపిస్తే టార్గెట్ గడిలో ఈ తోక ఉందేమో చూడండి. ఎర్రర్ రాదు గనుక ఇది దొరకడం కష్టం.

ఆఫీసులో సర్వర్ మీద ఉన్న ప్రోగ్రామ్‌కు జెడ్ డ్రైవ్ ద్వారా షార్ట్‌కట్ పెట్టుకున్నవాళ్లకు వచ్చే తంటా వేరు. మామూలుగా నొక్కితే నడుస్తుంది, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అంటే మాత్రం పాత్ దొరకలేదంటుంది. మ్యాప్ చేసిన డ్రైవ్ మీ మామూలు లాగిన్‌కు చెందింది. అడ్మిన్ హక్కులతో నడిచే ప్రోగ్రామ్ వేరే లాగిన్ సెషన్‌లో ఉంటుంది, అక్కడ జెడ్ అనే డ్రైవే లేదు. టార్గెట్‌లో జెడ్ తీసేసి \\సర్వర్\షేర్ పద్ధతిలో పూర్తి నెట్‌వర్క్ పాత్ రాయడం మంచి దారి. రిజిస్ట్రీలో ఎనేబుల్ లింక్డ్ కనెక్షన్స్ అనే సెట్టింగ్‌తో కూడా పనవుతుంది కానీ ఒక్క ఐకాన్ కోసం మెషీన్ మొత్తం పద్ధతి మార్చడం నాకు నచ్చదు.

ఇంకా విండోస్ 7 నడుపుతున్న డీటీపీ షాపులు, జిరాక్స్ సెంటర్లు ఉన్నాయి. వాళ్ల కోసం ఒక మాట. డెస్క్‌టాప్ మీద నాలుగు కంటే ఎక్కువ షార్ట్‌కట్లు చెల్లకుండా కనిపిస్తే విండోస్ 7లో వారానికోసారి నడిచే సిస్టమ్ మెయింటెనెన్స్ వాటిని తనంతట తనే తీసేస్తుంది. ఆ సమయానికి సర్వర్ ఆఫ్‌లో ఉన్నా, పెన్‌డ్రైవ్ పెట్టకపోయినా దాని లెక్కలో అవి చెల్లనివే. సోమవారం పొద్దున ఐకాన్లు మాయమయ్యాయంటే ఎవరో తుడిచేశారని పక్క సీటువాణ్ని అనకండి. కంట్రోల్ ప్యానెల్‌లో ట్రబుల్‌షూటింగ్‌కు వెళ్లి, సెట్టింగ్స్ మార్చే చోట కంప్యూటర్ మెయింటెనెన్స్ ఆఫ్ చేస్తే ఆగుతుంది.

ఐకాన్లు మూకుమ్మడిగా పోవడానికి పెద్ద ఉదాహరణ 2023 జనవరి 13న జరిగింది. మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌కు వచ్చిన ఒక అప్‌డేట్‌లోని తప్పు వల్ల, ఆఫీస్ మాక్రోలను అడ్డుకునే ఒక భద్రతా నియమం ఆన్‌లో ఉన్న కంపెనీ కంప్యూటర్లలో స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ షార్ట్‌కట్లు డిలీట్ అయిపోయాయి. ప్రోగ్రామ్‌లు మాత్రం చెక్కుచెదరలేదు, చీటీలు మాత్రమే పోయాయి. అలాంటప్పుడు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ‘వినవర్డ్’, ‘ఎక్సెల్’ అని కొడితే వర్డ్, ఎక్సెల్ మామూలుగానే తెరుచుకుంటాయి.

వన్‌డ్రైవ్ తెచ్చే గందరగోళం

కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డెస్క్‌టాప్ ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్‌లోకి మార్చే అవకాశం ఎక్కువ. అప్పుడు ఇంట్లో మెషీన్ ఐకాన్లు ఆఫీసు మెషీన్‌లో, అక్కడివి ఇక్కడ కనిపిస్తాయి. ప్రోగ్రామ్ మాత్రం రెండో మెషీన్‌లో ఉండదు. తెల్ల కాగితం లాంటి ఐకాన్, నొక్కితే ‘ఈ షార్ట్‌కట్ సూచించే ఫైలు మారింది లేదా జరిగింది, తీసేయమంటారా’ అనే ప్రశ్న. ఇక్కడ తొందరపడి సరే అనకండి. ఇక్కడ తీసేస్తే అక్కడ కూడా పోతుంది, అక్కడేమో అది చక్కగా పనిచేస్తున్న ఐకాన్. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో సింక్ అండ్ బ్యాకప్, మేనేజ్ బ్యాకప్‌లోకి వెళ్లి డెస్క్‌టాప్‌ను ఆపేయండి. ఆపగానే డెస్క్‌టాప్ బోసిగా కనిపించి గుండె గుభేలుమంటుంది కానీ ఫైళ్లెక్కడికీ పోలేదు. వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఉన్న డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో ఉంటాయి, కావలసినవి బయటికి తెచ్చుకోండి.

డెస్క్‌టాప్ మీద మీరు చూసేది నిజానికి రెండు ఫోల్డర్ల కలయిక. ఒకటి మీది, ఇంకొకటి యూజర్స్ ఫోల్డర్‌లో పబ్లిక్ కింద ఉండే ఉమ్మడి డెస్క్‌టాప్. ఒక ఐకాన్ డిలీట్ చేయబోతే అడ్మిన్ అనుమతి అడుగుతోందంటే అది రెండో దానిలోది. తీసేస్తే ఆ మెషీన్‌లో లాగిన్ అయ్యే అందరికీ పోతుంది.

ఏది నొక్కినా నోట్‌ప్యాడే వస్తే

ఒక షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ విత్’ ద్వారా పొరపాటున ఏదో ప్రోగ్రామ్‌ను ఎప్పటికీ అని ఎంచుకున్నా, ‘షార్ట్‌కట్లు బాగుచేస్తాం’ అనే ఏదో టూల్ వేలు పెట్టినా, ఐకాన్లన్నీ ఒకే రూపంలోకి మారిపోయి ఏది నొక్కినా అదే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. చూడ్డానికి వైరస్‌లా ఉంటుంది, కానీ ఫార్మాట్ కొట్టాల్సినంత జబ్బు కాదు.

విండోస్ కీ + ఆర్ నొక్కి రెజ్ఎడిట్ అని కొట్టండి. హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, ఎక్స్‌ప్లోరర్, ఫైల్ ఎక్స్‌ట్స్ వరుసలో దిగి, డాట్ ఎల్ఎన్‌కే అనే కీ దగ్గర ఆగండి. ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ చేసి ఆ కీ కాపీ ఒకటి దాచుకోండి. దాని కింద యూజర్ ఛాయిస్ అనే కీ కనిపిస్తే, అదొక్కటే డిలీట్ చేసి సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రండి. ఎక్కువమందికి ఇక్కడితో అయిపోతుంది. ఇంకా మిగిలి ఉంటే హెచ్‌కీ క్లాసెస్ రూట్ కింద డాట్ ఎల్ఎన్‌కే కీలో డిఫాల్ట్ విలువ ‘ఎల్ఎన్‌కేఫైల్’ అని ఉందో లేదో చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ రిజిస్ట్రీ ఫైళ్లు డబుల్ క్లిక్ చేసేముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవండి.

పెన్‌డ్రైవ్‌లో అన్నీ షార్ట్‌కట్లే

జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టి తెచ్చాక లోపల ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి ఉంటాయి. ఫైళ్లు పోయాయనుకుంటారు, పోవు. వైరస్ అసలు ఫైళ్లకు హిడెన్, సిస్టమ్ గుర్తులు తగిలించి దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. నొక్కినప్పుడు వైరస్ నడుస్తుంది, వెంటనే అసలు ఫోల్డర్‌ను కూడా తెరిచి చూపిస్తుంది గనుక అనుమానం రాదు.

నొక్కకుండా ప్రాపర్టీస్ చూడండి. ఫోల్డర్ షార్ట్‌కట్‌లో ఫోల్డర్ పాత్ మాత్రమే ఉండాలి. అక్కడ సీఎండీ అనో, డబ్ల్యూస్క్రిప్ట్ అనో, పవర్‌షెల్ అనో, చివర వీబీఎస్, జేఎస్ ఫైలు పేరో కనిపిస్తే అది వైరస్సే. టార్గెట్ గడిలో అనుమానాస్పదమైనదేమీ కనబడకపోయినా పూర్తిగా నమ్మొద్దు. ఆదేశానికి ముందు వందల కొద్దీ ఖాళీలు చేర్చి, ప్రాపర్టీస్ డబ్బాలో కనిపించనంత దూరానికి నెట్టే ఎత్తుగడ ఉంది.

ముందు కంప్యూటర్‌ను శుభ్రం చేయాలి. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి, మెషీన్ రీస్టార్ట్ అయి విండోస్ మొదలవకముందే వెతుకుతుంది. ఆ తర్వాతే పెన్‌డ్రైవ్ పెట్టండి. దానికి జి అనే అక్షరం వచ్చిందనుకుంటే, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టాలి:

అట్రిబ్ -ఎస్ -హెచ్ -ఆర్ జి:\*.* /ఎస్ /డి

మొదటి మూడూ సిస్టమ్, హిడెన్, రీడ్ ఓన్లీ గుర్తులను తీసేవి. చివరి రెండింట్లో /ఎస్ లోపలి ఫోల్డర్లన్నిటికీ, /డి ఫోల్డర్లకు కూడా వర్తింపజేసేవి. అసలు ఫైళ్లు బయటపడ్డాక షార్ట్‌కట్లను తుడిచేయండి. కొన్ని వైరస్‌లు ఫైళ్లన్నిటినీ పేరే లేనట్టు కనిపించే ఒక ఫోల్డర్‌లోకి తోస్తాయి. ఐకాన్ ఉండి కింద పేరు ఖాళీగా ఉన్నదాన్ని తెరిస్తే అన్నీ అందులో ఉంటాయి. ఫైళ్లు కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయడం మేలు. పెన్‌డ్రైవ్‌ను ఒక్కదాన్నే శుభ్రం చేసి అదే మెషీన్‌లో మళ్లీ పెడితే, రెండు నిమిషాల్లో మళ్లీ షార్ట్‌కట్లే.

నొక్కనక్కర్లేని షార్ట్‌కట్ కూడా ఉండేదొకప్పుడు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ వాడుకున్న లోపంలో, ఫోల్డర్ తెరిచి ఐకాన్ కనబడితే చాలు, కోడ్ నడిచిపోయేది. ఆ ఏడాది ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దాన్ని మూసింది. అప్‌డేట్లు ఆపేసి నడిపే పాత మెషీన్లలో పెన్‌డ్రైవ్ తెరిచి చూడడం కూడా ప్రమాదమే అనడానికి కారణం ఇలాంటివే.

హాట్‌కీ, తెల్ల ఐకాన్, స్టార్టప్

ప్రాపర్టీస్‌లో ‘షార్ట్‌కట్ కీ’ గడిలో పెట్టే హాట్‌కీ, ఆ షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీదో స్టార్ట్ మెనూలోనో ఉంటేనే పనిచేస్తుంది. డి డ్రైవ్‌లో ఏదో ఫోల్డర్‌లో పెట్టుకుంటే చేయదు. ఇంకో సంగతి మన కీబోర్డులకు సంబంధించింది. ఇంగ్లీష్ ఇండియా లేఅవుట్‌లో కుడివైపు ఆల్ట్, 4 కలిపి నొక్కితే ₹ పడుతుంది. విండోస్ లెక్కలో ఆ కుడి ఆల్ట్ అంటే కంట్రోల్ + ఆల్ట్. కాబట్టి కాలిక్యులేటర్‌కు కంట్రోల్ + ఆల్ట్ + 4 హాట్‌కీ పెట్టుకుంటే ఇక బిల్లులో రూపాయి గుర్తు కొట్టబోయినప్పుడల్లా కాలిక్యులేటర్ లేచి వస్తుంది.

ప్రోగ్రామ్ బాగానే తెరుచుకుంటూ ఐకాన్ మాత్రం తెల్లగా ఉంటే అది ఐకాన్ క్యాష్ (విండోస్ దాచుకున్న ఐకాన్ బొమ్మలు) చెడిపోవడం. ముందు ప్రాపర్టీస్‌లో ‘ఛేంజ్ ఐకాన్’ నొక్కి అదే ఐకాన్‌ను మళ్లీ ఎంచుకోండి, చాలాసార్లు చాలు. చాలా ఐకాన్లు అలాగే ఉంటే, ముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఎక్స్‌ప్లోరర్ ఫోల్డర్‌లోకి సీడీతో వెళ్లి ఉంచండి. ఆపైన టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎండ్ టాస్క్ చేసి, డెల్ ఐకాన్‌క్యాష్* అని కొట్టి, టాస్క్ మేనేజర్‌లో ‘రన్ న్యూ టాస్క్’ నుంచి ఎక్స్‌ప్లోరర్‌ను లేపండి. ఈ వరుస తప్పితే ఫైళ్లు వాడుకలో ఉన్నాయని చెప్పి చెరగవు.

టాస్క్‌బార్‌కు పిన్ చేసింది విడి కాపీ. డెస్క్‌టాప్ ఐకాన్‌లో టార్గెట్ మార్చి, టాస్క్‌బార్‌ది నొక్కి మారలేదనుకుంటారు. దాని మీద రైట్ క్లిక్ చేసి, వచ్చిన లిస్టులో ప్రోగ్రామ్ పేరు మీద మళ్లీ రైట్ క్లిక్ చేస్తే దాని ప్రాపర్టీస్ దొరుకుతాయి. అన్‌పిన్ చేసి, సరిచేసిన షార్ట్‌కట్‌ను కొత్తగా పిన్ చేయడం ఇంకా సులువు.

స్టార్టప్ ఫోల్డర్‌లో (రన్ డబ్బాలో షెల్:స్టార్టప్ కొడితే తెరుచుకుంటుంది) పెట్టినది లాగిన్ కాగానే రాకపోతే ముందు టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూడండి, డిజేబుల్ అయి ఉండొచ్చు. అడ్మిన్ హక్కులు అడిగే ప్రోగ్రామ్ అయితే విండోస్ దాన్ని అక్కడ నుంచి నడపదు, చెప్పదు కూడా. దానికి టాస్క్ షెడ్యూలర్‌లో లాగిన్ సమయానికి ఒక టాస్క్ పెట్టి, ‘రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్’ టిక్ చేయాలి.

తెలుగు పేరుతో అకౌంట్

షార్ట్‌కట్‌కు తెలుగులో పేరు పెట్టుకోవచ్చు, ఏ ఇబ్బందీ రాదు. ఇబ్బంది విండోస్ యూజర్ అకౌంట్‌ను తెలుగు అక్షరాలతో సృష్టించినప్పుడు. యూజర్స్ కింద మీ ఫోల్డర్ పేరు కూడా తెలుగులోనే ఏర్పడుతుంది. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పద్ధతి) తెలియని పాత ప్రోగ్రామ్‌లు ఆ పాత్‌ను ప్రశ్నార్థకాలుగా చదువుకుని, టెంప్ ఫైలు రాయలేకపోయామనో ఫైలు దొరకలేదనో ఆగిపోతాయి. జపనీస్, రష్యన్ వాళ్లకైతే యూనికోడ్ కాని ప్రోగ్రామ్‌ల కోసం సిస్టమ్ లొకేల్ మార్చుకునే వెసులుబాటు ఉంది. తెలుగుకు విండోస్‌లో అలాంటి పాత కోడ్‌పేజీ (ఒక భాష అక్షరాల పట్టిక) లేనే లేదు గనుక ఆ దారి మూసుకుపోయినట్టే. సెట్టింగ్స్‌లో అకౌంట్ పేరు మార్చినా ఫోల్డర్ పేరు మారదు. ఇంగ్లీషు అక్షరాలతో కొత్త అకౌంట్ ఒకటి సృష్టించి ఫైళ్లు అందులోకి మార్చుకోండి. లాగిన్ తెర మీద తెలుగు పేరే కావాలంటే, ఫోల్డర్ ఇంగ్లీషులో ఏర్పడ్డాక కనిపించే పేరు మాత్రం మార్చుకోవచ్చు.

కొన్ని షార్ట్‌కట్లలో టార్గెట్ గడి బూడిద రంగులో ఉండి మార్చనివ్వదు. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లకు అంతే. రన్ డబ్బాలో షెల్:యాప్స్‌ఫోల్డర్ కొట్టి, అక్కడి నుంచి యాప్‌ను డెస్క్‌టాప్ మీదికి లాగితే కొత్త షార్ట్‌కట్ తయారవుతుంది. ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలర్) ప్యాకేజీగా ఇన్‌స్టాల్ అయిన కొన్ని సాఫ్ట్‌వేర్లదీ ఇదే వాలకం: నొక్కిన ప్రతిసారీ ఇన్‌స్టాలర్ అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటుంది, ఒక ఫైలు తగ్గినా ‘కాన్ఫిగర్ చేస్తున్నాం, ఆగండి’ అంటూ మొదలెట్టి, చివరకు సెటప్ సీడీ అడుగుతుంది. రోజూ ఇదే గోలైతే ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌కు రిపేర్ కొట్టండి. సెటప్ ఫైలు చేతిలో లేకపోతే ఈఎక్స్ఈ ఉన్న ఫోల్డర్‌కు వెళ్లి, రైట్ క్లిక్‌తో ‘సెండ్ టు డెస్క్‌టాప్’ ద్వారా మామూలు షార్ట్‌కట్ చేసుకుని దాన్ని వాడండి, ఆ తనిఖీ జరగదు.